కళ్ల డాక్టరు గోడ మీది పడవలు

ఆ బొమ్మని మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. బొమ్మ చేసిన పాపం ఏమీ లేదు, మంటంతా మా అయ్య మీద. బరంపురంలో, బడా బజార్ వెనక సందులో ఉన్న ఆ కళ్ల డాక్టరు దగ్గరికి రమ్మని నెల్లాళ్లు బతిమాలితే ఆర్యపల్లి నుంచి బస్సెక్కి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే రాకుండా సంచీడు నెత్తళ్ల ఎండుచేపలు మోసుకొచ్చాడు. హాల్లో బెంచీల మీద ఉన్న జనమంతా ముక్కులకి కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకున్నారు. నేను బడికి సెలవు పెట్టి, చీటీ రాయించుకుని, రెండు గంటలుగా కూర్చుని ఉన్నాను. సంచీని కాలితో బెంచీ కిందికి తోసి, ఇంటికెళ్లాక నీ సంగతి చెప్తానన్నట్టు చూశాను. ఆయన నన్ను చూడనేలేదు. ఎదురుగా గోడకున్న బొమ్మని చూస్తున్నాడు.

"ఈ పడవలన్నీ లంగరేసి ఉన్నాయి," అన్నాడు. "నీరు ఎడమ పక్కనుంచి దిగుతంది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా తెలుగు బడిలో పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నా నా గొంతు మాత్రం తగ్గలేదని తోటి టీచర్లు ఏడిపిస్తుంటారు. కళ్లు కనపడటం లేదని తీసుకొస్తే బొమ్మలో నీళ్లు ఎటు పారుతున్నాయో చెప్తున్నావా అని కసిరాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. కసిరితే కసిరాను గానీ, ఆయన చూస్తున్నది ఏమిటా అని నేనూ అటు తల తిప్పాను.

తలుపు రెక్కని అడ్డంగా పెట్టినంత పొడుగుంది. నల్లటి చెక్క ఫ్రేము, ఒక మూల చెదలు తిన్నది. పైన పూసిన వార్నిషు ముసలివాళ్ల మెడలా ముడతలు పడి గోధుమ రంగుకి తిరిగింది. అవతలి ఒడ్డున ఒక పట్నం. ఒకదాన్నొకటి ఆనుకున్న ఇళ్లు, ఒక కొనదేలిన గోపురం, దాని వెనక గుండ్రటి గుమ్మటం, నీళ్లలోకి దిగే మెట్లు. ఇవతలంతా నీళ్లు, నీళ్ల మీద పడవలు. తెరచాపలు దింపిన పెద్ద ఓడలు రెండు, మిగతావన్నీ చిన్నవి. ఏ ఊరో ఎవరికీ తెలీదు. డాక్టరు గారి తాత గోపాల్‌పూర్‌లో ఏదో పాత బంగళా సామాన్లు అమ్ముతుంటే కుర్చీలతో పాటు కొన్నాడట. చీటీలు రాసే ఒడియా ఆయన మాత్రం అడిగినవాళ్లందరికీ రంగూన్ అని ఖాయంగా చెప్తాడు. మా అయ్య వాళ్ల తాత రంగూన్ వెళ్లి కూలి చేసి వచ్చినవాడే, కాబట్టి ఆ మాట అయ్యకి నచ్చుతుందనుకున్నాను. "ఏ ఊరైతేనేటి, నీరు నీరే," అని కొట్టిపారేశాడు.

మా అయ్య పని ఏమిటో చెప్పకపోతే ఆ మాట ఎవరికీ అర్థం కాదు. ఆర్యపల్లిలో ఆయన అలివి వలకి నీళ్లు చూసే మనిషి. అలివి వల ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంటుంది. రెండో కొస పడవ తీసుకెళ్లి, సముద్రంలో సగం చుట్టు తిరిగి మళ్లీ ఒడ్డుకి తెస్తుంది. అప్పుడు రెండు పక్కలా జనం నిలబడి లాగుతారు. పడవలో ఉన్నవాళ్లకి కెరటాల మధ్య చేప జాడ సరిగ్గా తెలీదు, అందుకని ఒక మనిషి ఒడ్డున ఇసక దిబ్బ ఎక్కి నీటి రంగు చూస్తాడు. కవ్వళ్ల చేపల గుంపు వస్తే నీరు మబ్బు నీడ పడ్డట్టు నల్లబడుతుంది. ఆయన తువ్వాలు ఎటు ఊపితే పడవ అటు వెళ్లాలి, తువ్వాలు దించితే వల వదలాలి. ఆయనకి ఎదురు చెప్పకూడదు. చేప పడకపోయినా ఒక్క మాట అనకూడదు. అది మా వాళ్ల కట్టుబాటు, నీళ్లు చూసేవాడిని తప్పుపడితే గంగమ్మని తప్పుపట్టినట్టే అంటారు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆ దిబ్బ మీద ఉన్నది మా అయ్యే. చదువు లేదు, సొంత పడవ లేదు, మా అమ్మ పోయాక ఇంట్లో పలకరించే మనిషీ లేదు. ఊళ్లో ఆయనకున్న గౌరవమంతా ఆ దిబ్బ మీదే ఉంది.

డాక్టరు గారు ఆరోజు చూసి నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతూ వస్తుందట. ముందుగా పక్కల చూపు పోతుంది, నడిమి చూపు ఆఖరిదాకా నిలబడుతుంది, అందుకే మనిషి గమనించుకోడు. పోయిన చూపు ఇక రాదు, ఉన్నది కాపాడుకోవాలి. ఇవన్నీ ఆయన ఒడియాలో నిదానంగా, మా ఇద్దరి మొహాలూ చూస్తూ చెప్పారు. చుక్కల మందు రాసిచ్చి మూడు నెలలకోసారి రమ్మన్నారు.

అలా మూడు నెలలకోసారి ఆ బెంచీ మీద రెండేసి గంటలు మాకు రాసిపెట్టి ఉండేవి. మొదట్లో నేను బడి పుస్తకాలు తీసుకెళ్లి దిద్దుకునేదాన్ని. ఆయన నోరు మూసుకుని కూర్చుంటే కదా. "లంగరేసిన పడవ మొగం నీరొచ్చే ఏపుకే తిరిగి ఉంటాది. సూడు, అన్నిటి మొగాలూ ఎడమకే ఉన్నాయి. బొమ్మేసినోడు ఒడ్డున కూకుని సూసి ఏసేడు, ఊసుపోక ఏసింది కాదు," అని మోచేత్తో పొడిచేవాడు. నేను ఎర్ర పెన్ను ఆపి చూసేదాన్ని. నిజమే, అన్ని పడవలూ బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఒకే వైపు తిరిగి ఉన్నాయి.

రెండోసారో మూడోసారో వెళ్లినప్పుడు ఆయన గాలి సంగతి ఎత్తాడు. ఇళ్ల మీది పొగ కుడికి వాలింది, పెద్ద ఓడ కొయ్య మీద బియ్యపు గింజంత ఎర్ర జెండా ఉంది, అదీ కుడికే వాలింది. అప్పుడు నాకొక తప్పు దొరికింది. మెట్ల దగ్గర చిన్న పడవ ఒకటి ఉంది, అందులో ఇద్దరు మనుషులు, ఒకడు గడ పట్టుకుని నిలబడ్డాడు. దాని తెరచాప సగమే ఎత్తి ఉంది, అది మాత్రం ఎడమకి ఉబ్బింది. నీ బొమ్మేసినవాడు ఇక్కడ దొరికిపోయాడు, సున్నా మార్కులు అన్నాను. అయ్య తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఆ మెట్ల పైన గోడ ఎత్తుగా ఉంది కదా, గోడకి కొట్టుకున్న గాలి వెనక్కి తిరుగుతుంది, ఆ పడవ ఆ తిరుగుడు గాలిలో ఉంది, గోపాల్‌పూర్‌లో పాత గోడల కింద ఇప్పటికీ అంతే అని చెప్పాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడనుకుని నా పుస్తకాల్లోకి తల దూర్చాను.

ఇంకోసారి గురుతుల సంగతి చెప్పాడు. సముద్రంలో మేకు పాతలేం కదా. మంచి చోటు దొరికితే మా వాళ్లు ఒడ్డు వైపు చూసి, దగ్గరిదొకటి దూరానిదొకటి, రెండు గురుతులు ఒక గీతలోకి వచ్చేదాకా పడవ జరుపుతారు. అయ్య కుర్రతనంలో ఆయన గురుతు దూరాన కొండ మీది గండి, దాని ముందు ఒడ్డున ఒంటి తాటిచెట్టు. ఆ లెక్కనే బొమ్మలో ఎడమనుంచి మూడో పడవ చూపించాడు. అందులో ఒక ముసలివాడు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అక్కణ్ణుంచి చూస్తే గోపురం వెనక గుమ్మటం సరిగ్గా దాక్కుంటుందట. మిగతా పడవలన్నీ ఊరికే తేలుతున్నాయి, తానెక్కడున్నాడో తెలిసినవాడు వాడొక్కడే అన్నాడు. ఆ మాట విన్నాక హాల్లో అడుగుపెట్టగానే ముందు ఆ ముసలివాడినే వెతుక్కునేదాన్ని.

చెప్పొద్దూ, ఆ బొమ్మంటే నాకు ప్రాణమైపోయింది. అంతకు ముందు బొమ్మలంటే మా ఇంట్లో దేవుడి క్యాలెండర్లే. ఇప్పుడు బస్సులో పోతూ రోడ్డు పక్క జెండా కనపడినా గాలి ఎటుందో చూడటం అలవాటైంది. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు కోసం ఎదురు చూసేదాన్ని, కూతురన్నది అలా ఎదురు చూడొచ్చా అని సిగ్గేసేది కూడా. మా అయ్య జన్మలో నాతో అన్ని మాటలు మాట్లాడలేదు. ఆయన మాటలన్నీ పడవ మనుషులతోనే. నేనూ ఆయన పక్కన అరవకుండా అంతసేపు ఎప్పుడూ కూర్చోలేదు. ఆయన బొమ్మ చూసే తీరే వేరు. గడ్డం కాస్త ఎత్తి, తల ఎడమనుంచి కుడికి మెల్లగా తిప్పుతూ, దిబ్బ మీద నీళ్లు చూసినట్టే చూసేవాడు. హాల్లో మిగతా జనం దానికేసి ఒక్క చూపు పారేసి ఫోన్లు తీసుకునేవాళ్లు. చూడటం అంటే ఇదీ అని నేను లోలోపల మురిసిపోయాను. ఆ తల తిప్పడం ఎందుకో నాకు తట్టలేదు.

రెండో ఏడు మధ్యలో డాక్టరు గారు ఆపరేషన్ మాట ఎత్తారు. చుక్కలు సరిపోవడం లేదు, ఇప్పుడు చేస్తే ఉన్న చూపు నిలుస్తుంది, తర్వాత చేసి లాభం ఉండదు అన్నారు. చేశాక రెండు నెలలు ఇసకా ఉప్పునీరూ కంట్లో పడకూడదు, ఒడ్డుకి పోకూడదు. అయ్య ససేమిరా అన్నాడు. అది కవ్వళ్లు వచ్చే కాలం. ఒకసారి దిబ్బ దిగినవాడిని మళ్లీ ఎక్కనివ్వరు, ఈలోగా ఇంకొకడు ఎక్కేస్తాడు. నాకు కనపడుతుంటే కొయ్యడం దేనికి, ఆ మిషన్ నమ్మకండి అన్నాడు. ఆ మిషన్ ఏమిటంటే, గడ్డం ఒక పీట మీద ఆనించి లోపలికి చూస్తూ, మిణుగురు లాంటి వెలుగు కనపడినప్పుడల్లా బటన్ నొక్కాలి. అయ్య సగానికి సగం నొక్కలేదు. వల తాళ్లు లాగిన చేతికి బటన్ ఏం తెలుస్తుంది అని నేనూ అనుకున్నాను.

అనుకుని ఊరుకుంటే బాగుండేది. నా తెలివి చూపించాలి కదా, నేనే పరీక్ష పెట్టాను. ఆయన్ని హాల్లో అన్నిటికన్నా దూరం బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. జెండా రంగేమిటి? ఎరుపు. మెట్ల దగ్గర పడవలో ఎంతమంది? ఇద్దరు, ఒకడు గడ పట్టుకుని నిలబడ్డాడు. చాప ఎటు ఉబ్బింది? ఎడమకి. ఒక్కటి తప్పలేదు. నేను లోపలికి వెళ్లి, మా నాన్న ఇంత దూరం నుంచి బియ్యపు గింజంత జెండా చూసి చెప్తున్నాడండీ అని గొప్పగా చెప్పాను. అది పరీక్ష కాదమ్మా అన్నారు డాక్టరు గారు. మళ్లీ అదే మాట ఇంకోసారి అన్నారు. నేను వినలేదు. ఆపరేషన్ ఇప్పుడు వద్దు అని కాగితం మీద రాసి సంతకం పెట్టింది నేనే. అయ్య పక్కన వేలిముద్ర వేశాడు. ఆ తర్వాత మూడు నెలలకోసారి వెళ్లినా ఆయన ఆ మిషన్ ముందు కూర్చోనంటే కూర్చోనన్నాడు, చుక్కలు రాయించుకుని వచ్చేవాళ్లం.

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం ఆర్యపల్లి వెళ్లాను. ఇంటికి తాళం ఉంటే నేరుగా ఒడ్డుకి నడిచాను. ఇసకలో చాపల మీద మా పిన్ని, అంటే అయ్య తమ్ముడి భార్య, చేపలు ఎండబెడుతోంది. దిబ్బ మీద మా అయ్య తువ్వాలు ఊపుతున్నాడు, నిటారుగా, మా చిన్నప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే. నాకు కడుపు నిండినట్టయింది. తువ్వాలు ఎడమకి ఊపుతున్నాడు. పడవ కుడికి పోతోంది. పడవ నడిపేది మా చిన్నాన్నే, ఆయన పొరబడ్డాడేమో అనుకున్నాను. కాసేపటికి అయ్య తువ్వాలు దించాడు. పడవ ఆగలేదు, ఇంకా కుడికే పోయి, అక్కడెక్కడో వల వదలడం మొదలుపెట్టింది.

చిన్నాన్నకి కళ్లు కనపడటం లేదా ఏమిటి అని పిన్నిని అడిగాను. ఆమె తలెత్తకుండా చేపలు తిరగేస్తూనే ఉంది. తర్వాత మెల్లగా అంది, "మీ అయ్య తువ్వాలు సూసి వల ఏసి ఏడాది దాటిపోనాదమ్మా."

అంతకు ముందటి కవ్వళ్ల కాలంలో వరసగా మూడు రోజులు ఆయన చేప లేనిచోట తువ్వాలు దించాడట. మూడు రోజులూ గుంపు పక్కనుంచి పోవడం ఒడ్డున ఉన్న జనమంతా చూశారు. ఎవరూ కిక్కురుమనలేదు. నాలుగో రోజునుంచి చిన్నాన్న తన కంటికి తోచినచోటే వల వదులుతున్నాడు. పడవ మనుషులు దిబ్బ వైపు చూసినట్టు తలెత్తి, తమ దారిన తాము పోతారు. అయ్య వాటా అయ్య ఇంటికి పంపిస్తూనే ఉన్నారు.

నాకెందుకు చెప్పలేదని పిన్ని మీద విరుచుకుపడ్డాను. ఆమె నా అరుపుకి బెదరలేదు.

"ఎవులు సెప్తారు? దిబ్బ మీదున్నోడికి తప్పు సెప్పకూడదు గదా. నీకు తెల్సే ఉంటాదనుకున్నాం. డాక్టరు దగ్గరికి తిప్పతన్నది నువ్వే గదమ్మా," అంది.

ఊరి మర్యాద తగలెయ్య అని తిట్టాను. తిట్టి ఎవరి మీద వెయ్యను? వాళ్లు ఆయన పరువు కాపాడారు, నేను సంతకం పెట్టాను. అందరం కలిసి ఆయన కళ్లు పోగొట్టాం.

మర్నాడు పొద్దున్నే బరంపురం తీసుకొచ్చాను. డాక్టరు గారు ఎంతోసేపు చూశారు. కుడి కంట్లో వెలుతురు కూడా లేదు. ఎడమ కంట్లో తలుపు సందంత మిగిలింది, అదీ ఎన్నాళ్లో చెప్పలేం అన్నారు. ఆపరేషన్ చేసెయ్యండి, రేపే చెయ్యండి అన్నాను. ఇప్పుడు చేస్తే ఆ సందు కూడా మూసుకుపోవచ్చు, చుక్కలు వేసుకుంటూ ఉండటమే అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆ సంతకం మాట ఆయన ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే నాకు కాస్త తేలికయ్యేది.

మందుల చీటీ రాసేదాకా హాల్లో కూర్చోమన్నారు. అయ్య చెప్పులు బెంచీ కింద విడిచి కాళ్లు పైకి పెట్టుకున్నాడు. నేను అడక్కముందే మొదలుపెట్టాడు. నీరు ఎడమ పక్కనుంచి దిగుతంది, పొగ కుడికి వాలింది... అవే మాటలు, అదే వరస, పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టు. అప్పుడు చూశాను ఆయన మొహం. బొమ్మకి రెండు మూరల అవతల, కిటికీ వైపు తిరిగి ఉంది.

ఈ బొమ్మ నీకు ఎప్పుడు కనపడటం మానేసింది అని అడిగాను. ఆయన ఆగిపోయాడు. కాళ్లు దగ్గరికి ముడుచుకుని చెప్పాడు, మొదటి రోజునుంచీ ముక్కలు ముక్కలుగానే కనపడేదని, తల తిప్పుకుంటూ ఒక్కో ముక్కే చూసుకుని పోగుచేసుకున్నాడని. రెండో ఏటికి ఆ ముక్కలూ పోయాయి. తర్వాతంతా గురుతు మీద చెప్పిందే.

ఎందుకయ్యా అబద్ధం చెప్పావు అని అరిచాను. హాలంతా ఇటు తిరిగింది.

"ఆ బొమ్మ కాడ నువ్వు నా మీద కేకలెయ్యవు గదమ్మా," అన్నాడు.

ఆయనే మళ్లీ అన్నాడు, "దిబ్బ మాట కూడా నీకు తెల్సిపోయినట్టుంది. పడవ ఇంజిను సప్పుడు ఎటు ఎల్తందో నాకు ఇనపడదేటి? ఏడాదిగా ఇంటన్నాను. నాను దిగిపోతే ఆల్లు సిగ్గుపడిపోతారు. అందుకే ఊపతన్నాను."

నేను లేచాను. ఇంకేం చెయ్యలేను, కనీసం ఆయనకి కనపడని బొమ్మలో ఆయనకి తెలియని ముక్క ఒకటైనా చూసి చెప్దామనిపించింది. ఉండు, దగ్గరికెళ్లి చూసి చెప్తానన్నాను. అయ్య మొహం వెలిగింది. గడ్డం ఎత్తి, చెవి నా వైపు పెట్టి, సెప్పు అన్నాడు.

కళ్లజోడు తుడుచుకుని గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాను. మెట్ల దగ్గర పడవ. నేను తప్పు పట్టింది అదొక్కటే, దాని గాలి సంగతీ ఆయన చెప్పిందే. జెండా, పొగ, మూడో పడవలో ముసలివాడు, అన్నీ ఆయన చెప్పినవే. గోడ చూస్తే తిరుగుడు గాలి గుర్తొచ్చింది, గోపురం చూస్తే గురుతు గుర్తొచ్చింది. మిగతాదంతా నాకు వార్నిషు, మరకలు. మూడేళ్లు ఆ బొమ్మని చూశాననుకున్నాను. నేను విన్నాను, అంతే. నేను పెట్టిన పరీక్షకి జవాబులు కూడా అంతకు ముందే ఆ హాల్లో ఆయన నోటా నా నోటా వచ్చినవే, వాటితోనే ఆయనకి మార్కులు వేసి కళ్లు బాగున్నాయని సంతకం పెట్టాను. ముప్ఫై ఏళ్లుగా పిల్లల పేపర్లు దిద్దుతున్నదాన్ని.

"కొత్తది ఏటీ నేదా?" అన్నాడు అయ్య వెనకనుంచి.

"లేదయ్యా. అంతా నువ్వు చెప్పినట్టే ఉంది," అన్నాను.

ఆయన తల దించుకుని, బెంచీ కింద చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.